పౌలస్ అప్పుడే ఎందుకు కదలలేదు? (స్టాలిన్‌గ్రాడ్, 1942-43)

ప్రశ్న: పాతపటం

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చదువుతున్న చరిత్ర విద్యార్థినిని. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు రంగం గురించి చదువుతూ ఫ్రీడ్రిష్ పౌలస్ అనే జర్మన్ సేనాని దగ్గర ఆగిపోయాను. ఎంత చదివినా ఈ మనిషి అంతుపట్టడం లేదు.

1942 నవంబరు 19న సోవియట్ దళాలు స్టాలిన్‌గ్రాడ్‌కు వాయవ్యాన, మర్నాడు దక్షిణాన విరుచుకుపడ్డాయి. 23వ తేదీకి రెండు కొసలూ కలాచ్ దగ్గర కలుసుకున్నాయి. పౌలస్ ఆధ్వర్యంలోని ఆరవ సైన్యం, దాదాపు రెండున్నర లక్షల మంది, వలయంలో చిక్కుకుంది. ఆయన పట్టుబడింది 1943 జనవరి 31న. మధ్యలో పది వారాలు గడిచాయి. మొదటి వారంలోనే వలయం తెంచుకుని బయటపడాలని కింది జనరల్స్ చెప్పారట, ఆయనకూ అదే అభిప్రాయమట. మరి ఎందుకు కదలలేదు? హిట్లర్ ఆజ్ఞ కాదంటే మహా అయితే పదవి పోతుంది కదా?

ఒక పుస్తకంలో పిరికివాడంటారు, ఇంకోదానిలో బలిపశువంటారు. మా అధ్యాపకులను అడిగితే పరీక్షకు ఇంత లోతు అక్కర్లేదన్నారు. ఇక్కడ సైన్యంలో పనిచేసినవారు కొందరున్నారని తెలిసి అడుగుతున్నాను.

జవాబు: కృష్ణాతీరం

దీనికి ఇంత ఆలోచన దేనికండీ? తప్పంతా హిట్లర్‌ది, ఆ తరువాత జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్‌ది. విమానాల్లో సరుకు చేరవేసి సైన్యాన్ని బతికిస్తానని గోరింగ్ మాట ఇచ్చాడు. అప్పటి సైనిక ప్రధానాధికారి త్సైట్జ్‌లర్ అది అసాధ్యమని మొహం మీదే చెప్పాడు. హిట్లర్ గోరింగ్‌నే నమ్మాడు. నవంబరు 24న స్టాలిన్‌గ్రాడ్‌ను 'కోట'గా ప్రకటించి అక్కడే నిలబడమన్నాడు. పైవాడు ఆజ్ఞ ఇస్తే సైనికుడు పాటిస్తాడు. పౌలస్ స్థానంలో ఎవరున్నా అదే జరిగేది.

జవాబు: సరుకుల సుబేదార్

అమ్మాయీ, నేను సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. తుపాకీ పేల్చినదానికన్నా బియ్యం బస్తాలు లెక్కపెట్టిందే ఎక్కువ. రోడ్డు లేని కొండ పోస్టులకు విమానాల్లో సరుకు పంపే పని కొన్నేళ్ళు చూశాను. అందుకే నా జవాబు సరుకుల వైపు నుంచి మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టు.

కృష్ణాతీరం గారు గోరింగ్ మాట ఎత్తారు. ఆ మాటను హిట్లర్ నమ్మాడు, సరే. పౌలస్ నమ్మాడా? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న తరహా హామీ అది. అది నిలవదని పౌలస్‌కు మొదటి రోజే తెలుసు.

లెక్క నువ్వే వేసి చూడు. రెండున్నర లక్షల మందికి మనిషికి కిలో చొప్పున తిండి అనుకున్నా రోజుకు 250 టన్నులు. అందులో పెట్రోలు లేదు, గుండ్లు లేవు, మందులు లేవు, గుర్రాలకు దాణా లేదు. మొదట రోజుకు 750 టన్నుల మాట వచ్చింది, తరువాత 500 అన్నారు, ఊపిరి నిలవాలంటే 300 అయినా పడాలన్నారు. వాళ్ళ ప్రధాన రవాణా విమానం యుంకర్స్ 52. మూడు ఇంజన్లు, మోసేది రెండు టన్నుల పైచిలుకు. 300 టన్నులంటే రోజూ సుమారు 150 విమానాలు దిగాలి. డిసెంబరులో అక్కడ వెలుతురు ఎనిమిది గంటలే. అంటే మూడు నిమిషాలకొక విమానం దిగాలి, సరుకు దించాలి, గాయపడ్డవాళ్ళను ఎక్కించుకోవాలి, మళ్ళీ లేవాలి. పైన సోవియట్ ఫైటర్లు, కింద మంచు, చుట్టూ పొగమంచు.

సరుకు విమానాల దగ్గర పనిచేసిన ఎవరినైనా అడుగు. జాబితాలో ఉన్న విమానాలు వేరు, పొద్దున్నే ఇంజను అందుకున్న విమానాలు వేరు. గడ్డకట్టే చలిలో ఆరుబయట నిలబెట్టిన ఇంజనును ముందు వేడి చెయ్యాలి, వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అతుక్కుని ఊడి వస్తుంది. మా దగ్గర మబ్బు పట్టి సార్టీ (విమానం వెళ్ళివచ్చే ఒక విడత) రద్దయితే పై పోస్టువాళ్ళు తమ నిల్వ తెరిచి తినేవారు. చలికాలానికి సరిపడా నిల్వ ముందే చేర్చిపెట్టేవాళ్ళం కాబట్టి ఆ ఏర్పాటు నడిచింది. పౌలస్ డిపోలలో చాలా భాగం డాన్ నదికి అవతల, వలయం బయట ఉండిపోయాయి. సార్టీ రద్దయిన రోజు అంటే జవాను తిండిలో కోత పడిన రోజే.

చివరకు సగటున రోజుకు చేరింది నూరు టన్నుల పైచిలుకు. డిసెంబరు 19 వాళ్ళకు దొరికిన మంచి రోజుల్లో ఒకటి. ఆ రోజు 150కి పైగా విమానాలు దిగాయి, అయినా 300 టన్నులు నిండలేదు. లోపలికి వచ్చిన సరుకులో మిరియాలు, మసాలా ఆకులు కూడా ఉన్నాయని బతికి బయటపడ్డవాళ్ళు రాసుకున్నారు. ఆ లోడు పంపినవాణ్ణి నా ముందు నిలబెడితే రెండు మాటలు చెప్పి ఉండేవాణ్ణి.

హిట్లర్ ఎలా నమ్మాడంటే అదే ఏడాది మొదట్లో దెమ్యాన్స్క్ వలయంలో చిక్కిన దాదాపు లక్షమందిని నెలల తరబడి విమానాలతోనే పోషించారు. ఆ లక్షమందికే రోజుకు 300 టన్నులు పట్టింది, ఉన్న రవాణా విమానాలన్నీ ఊడ్చుకుపోయాయి. ఇక్కడ మనుషులు రెండున్నర రెట్లు, శత్రువు అంతకన్నా గట్టివాడు. ఆ రంగంలో వైమానిక దళ అధిపతి ఫీబిగ్ నవంబరు 21నే పౌలస్ ప్రధాన సహాయకుడు ఆర్తుర్ ష్మిట్‌కు ఫోనులో ఇది కుదరదని చెప్పేశాడు. ఫీబిగ్ పై అధికారి రిష్ట్‌హోఫెన్ కూడా అదే మాట పైకి చేరవేశాడు. ఇవన్నీ పౌలస్ చెవిన పడ్డవే.

ఇక ఆ మనిషి సంగతి. 1890లో హెస్సె ప్రాంతంలో పుట్టాడు, తండ్రి ప్రభుత్వ సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగి. పుస్తకాల్లో 'ఫాన్ పౌలస్' అని రాస్తుంటారు గాని ఆ జమీందారీ బిరుదు ఆయనకు ఏనాడూ లేదు. నౌకాదళం కాదంది, మార్బుర్గ్‌లో కొంతకాలం న్యాయశాస్త్రం చదివాడు, 1910లో పదాతిదళంలో చేరాడు. 1912లో రుమేనియా ప్రభు కుటుంబానికి చెందిన ఎలేనాను పెళ్ళి చేసుకున్నాడు. పొడవాటి మనిషి, సన్నన, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని యూనిఫారం. మురికి అంటే గిట్టదు, చేతులకు తొడుగులు. తోటివాళ్ళు వెనకాల 'దొర' అనేవారట.

ఆయన ఎక్కివచ్చిన మెట్లన్నీ కార్యాలయం మెట్లే. పోలండ్, ఫ్రాన్స్ దండయాత్రల్లో రైషెనావ్ అనే దురుసు జనరల్ కింద ప్రధాన సహాయకుడు. పైవాడు ముందుండి అరిచేవాడు, ఈయన వెనక కూర్చుని పటాలు, పెట్రోలు, రైళ్ళు చూసేవాడు. చక్కగా అమరిన జంట. 1940 సెప్టెంబరులో బెర్లిన్ దగ్గర సైనిక ప్రధాన కార్యాలయంలో, త్సైట్జ్‌లర్‌కు ముందు సైనిక ప్రధానాధికారిగా ఉన్న హాల్డర్‌కు సహాయాధికారి అయ్యాడు. రష్యా మీద దాడి పథకాన్ని చెక్కింది అక్కడే. ఆ డిసెంబరులో పటాల మీద నడిపిన కసరత్తు కూడా ఆయన చేతి మీదే జరిగింది. దూరం పెరిగేకొద్దీ సరఫరా తెగుతుందని ఆ కసరత్తులోనే తేలింది. 1941 వసంతంలో లిబియాకు వెళ్ళి అక్కడి జర్మన్ సేనాని రోమెల్‌ను పరిశీలించి, ఈయన తన సరఫరాకు మించి పరుగెడుతున్నాడని నివేదిక ఇచ్చిందీ ఈ పౌలసే.

చూశావా, ఇంకొకరి పెట్రోలు ఎక్కడ అయిపోతుందో ముందే చెప్పగలిగిన మనిషి ఆయన.

1942 జనవరిలో రైషెనావ్ పక్షవాతంతో చనిపోయాడు. ఆరవ సైన్యం పౌలస్ చేతికి అప్పటికే వచ్చింది. అంతకుముందు ఆయన డివిజన్‌ను నడపలేదు, కొన్ని డివిజన్లు కలిసిన కోర్‌ను నడపలేదు. ఒక బెటాలియన్ అధిపతిగా పనిచేసినవాడికి ఏకంగా ఒక సైన్యం. మా భాషలో చెప్పాలంటే డెస్కు మీద నుంచి నేరుగా పెద్ద కుర్చీకి.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. నవంబరు 22, 23 తేదీల్లో పౌలస్ పైకి రేడియో సందేశాలు పంపాడు. ఇంధనం కొద్ది రోజుల్లో అయిపోతుంది, నిర్ణయ స్వేచ్ఛ ఇవ్వండి, నైరుతి వైపు తెంచుకుని వస్తాం, నా కోర్ అధిపతులందరిదీ ఇదే అభిప్రాయం అని. నిర్దుష్టమైన సందేశం, ఒక్క లెక్క తప్పు లేదు. ఫైలు పైకి వెళ్ళింది. 'వద్దు, అక్కడే ఉండు' అని రాసి తిరిగి వచ్చింది. ఆయన ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం అదే. సరైన లెక్క వేసి, సరైన కాగితం మీద, సరైన మనిషికి పంపితే తన బాధ్యత తీరిపోయిందనుకునే అలవాటు. అలాంటి అధికారులను నేను మా డిపోలోనూ చూశాను, చెడ్డవాళ్ళు కారు. పని సజావుగా నడుస్తున్నంతకాలం వాళ్ళంత మంచి అధికారి దొరకడు కూడా.

అదే వలయంలో ఇంకో రకం మనిషీ ఉన్నాడు. 51వ కోర్ అధిపతి జైడ్లిట్జ్. ఆజ్ఞ రాకుండానే సరుకులు తగలబెట్టి, ఉత్తరం వైపు తన దళాలను వెనక్కు లాగాడు, మిగతావాళ్ళు తప్పనిసరై వెంట కదులుతారని. ఫలితం ఘోరం. గోతులు వదిలి బయటికి వచ్చిన 94వ డివిజన్ మైదానంలో సోవియట్ దళాల వాత పడింది. ఆ వెనక్కు తగ్గింది పౌలస్ పని అనుకున్న హిట్లర్, జైడ్లిట్జ్ గట్టివాడని తలచి వలయంలో ఉత్తర భాగానికి అతణ్ణే అధిపతిని చేశాడు! ఆ ఉత్తర్వును పౌలస్ స్వయంగా తీసుకెళ్ళి చేతిలో పెట్టి, ఇప్పుడు నీకే అధికారం వచ్చింది, తెంచుకుని వెళ్ళవచ్చు అన్నాడట. ఇప్పుడు నేనూ ఆజ్ఞ పాటించక తప్పదన్నాడట జైడ్లిట్జ్. కాబట్టి 'ఎవరున్నా అదే జరిగేది' అన్న కృష్ణాతీరం గారి మాటలో కొంత నిజం ఉంది.

ఒక విషయం మాత్రం పౌలస్ పక్షాన చెప్పాలి. తెంచుకుని రావడం పటం మీద బాణం గీసినంత సులువు కాదు. చలికాలంలో మేత దొరకదని ఆరవ సైన్యం తన గుర్రాలలో ఎక్కువ భాగాన్ని ముందే పడమటికి పంపేసింది. జర్మన్ సైన్యం అంటే అందరికీ ట్యాంకులు గుర్తొస్తాయి గాని ఫిరంగులు లాగేది, తిండి మోసేది చాలావరకు గుర్రాలే. గుర్రం లేకపోతే పెద్ద ఫిరంగి అక్కడే వదిలెయ్యాలి, నడవలేని గాయపడ్డవాళ్ళనూ వదిలెయ్యాలి. లోపల మిగిలిన గుర్రాలు వండుకు తినడానికి పనికొచ్చాయి.

డిసెంబరు 12న ఆ రంగంలో పౌలస్ పై అధికారి మాన్‌స్టైన్ బయటి నుంచి దారి తెరవడానికి తన కింది సేనాని హోత్ ట్యాంకులను పంపాడు. 19వ తేదీకి వాళ్ళు మిష్కోవా నది చేరారు, వలయానికి సుమారు 48 కిలోమీటర్ల దూరం. లోపలి ట్యాంకుల్లో ఉన్న ఇంధనం 30 కిలోమీటర్లకు మించి రాదు. బయటికి రమ్మని స్పష్టమైన ఆజ్ఞ ఇవ్వకుండా మాన్‌స్టైన్, ఆ ఆజ్ఞ కోసం చూస్తూ పౌలస్, నగరం వదలడానికి ఒప్పుకోకుండా హిట్లర్. ముగ్గురూ ముగ్గురే. 24వ తేదీ తెల్లవారుజామున సరుకు విమానాలకు ఆయువుపట్టు అయిన తత్సిన్‌స్కాయా విమానాశ్రయం మీదికి సోవియట్ ట్యాంకులు వచ్చి పడ్డాయి. హోత్ వెనక్కు తిరిగాడు. అక్కడితో కథ ముగిసినట్లే, ఆపైన ఐదు వారాలు సాగింది చావు మాత్రమే.

జవాబు: నాడిపట్టే చెయ్యి

సుబేదార్ గారి లెక్కకు వైద్యుడిగా ఒక అనుబంధం. డిసెంబరులో వలయంలో సైనికులు గాయం లేకుండా, చెప్పుకోదగ్గ జబ్బు లేకుండా, మాట్లాడుతూ మాట్లాడుతూనే చనిపోవడం మొదలైంది. కారణం తేల్చడానికి గిర్గెన్‌జోన్ అనే పాథాలజిస్టును విమానంలో లోపలికి పంపారు. శవాలు రాయిలా గడ్డకట్టి ఉంటే, వాటిని రాత్రంతా వేడి దగ్గర ఉంచి కరిగించి కోయాల్సి వచ్చింది. చర్మం కింద కొవ్వు జాడ లేదు, గుండె కుంచించుకుపోయి ఉంది. ఆకలి చావులని ఆయన తేల్చాడు. చలి, అలసట దాన్ని తొందరపెట్టాయి. అప్పటికి రొట్టె రోజుకు 200 గ్రాముల నుంచి 100 గ్రాములకు పడిపోతోంది. కారణం కనుక్కోవడానికి ఒక నిపుణుడికి విమానంలో చోటు దొరికింది, అది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. లోపల ఉన్న ఏ వంటవాణ్ణి అడిగినా చెప్పి ఉండేవాడు.

జవాబు: మిర్చియార్డు

అందరూ రొట్టె గ్రాముల్లో లెక్కపెడుతున్నారు, బాగుంది. ఆ రొట్టె కోసం వాళ్ళు అంత దూరం ఎందుకు వెళ్ళారో ఎవరూ అనడం లేదు. పౌలస్ ఆకలితో అలమటించిన సేనాని మాత్రమే కాదండీ, రష్యా మీద దాడికి పథకం గీసినవాళ్ళలో ఒకడు. ఆయన భార్య ఎలేనా ఇంట్లో ఆ పటాలు చూసి ఇది అన్యాయమైన దాడి అని వాదించిందట. అవి రాజకీయ నిర్ణయాలు, మనలాంటివాళ్ళను అడిగి తీసుకునేవి కావు అని జవాబు.

1942 ఆగస్టు 23న ఆయన ట్యాంకులు వోల్గా ఒడ్డు చేరిన రోజే జర్మన్ విమానాలు స్టాలిన్‌గ్రాడ్‌ను నేలమట్టం చేశాయి. లోపల నగరవాసులు ఉన్నారు. వేలమందిని వెట్టి చాకిరీకి పడమటికి తోలారు. వలయంలో జర్మన్ల చేతిలో ఉన్న సోవియట్ ఖైదీలకు చివర్లో తిండే పెట్టలేదు. ఆరవ సైన్యం చరిత్ర కూడా చూడాలి. 1941 సెప్టెంబరులో కీవ్ దగ్గర బాబీయార్ లోయలో రెండు రోజుల్లో 33 వేలకు పైగా యూదులను కాల్చి చంపినప్పుడు దానికి సహకరించింది ఈ సైన్యమే. అప్పటికి అధిపతి రైషెనావ్, నిజమే. ఆయన ఇచ్చిన కర్కశమైన ఆజ్ఞను పౌలస్ వచ్చాక పక్కన పెట్టాడంటారు, అదీ ఒప్పుకుంటాను. కానీ 'పిరికివాడా, బలిపశువా' అన్న ప్రశ్నలో మూడో గడి ఒకటి ఉంది, దాన్ని ఖాళీగా వదలకండి.

పాతపటం

అందరికీ ధన్యవాదాలు. మిర్చియార్డు గారూ, ఆ మూడో గడి నేను నిజంగా ఆలోచించలేదు. సుబేదార్ గారూ, ఇంకొక్కటి అడుగుతాను. చివరి రోజున ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చారు కదా, అది గౌరవమా, మరొకటా? అన్నేళ్ళు ఆజ్ఞ దాటనివాడు ఆ ఒక్క ఆజ్ఞ ఎందుకు దాటాడు? తరువాత ఆయన ఏమయ్యాడు?

జవాబు: సరుకుల సుబేదార్

మిర్చియార్డు గారితో నాకు పేచీ లేదు. లెక్క తెలిసిన మనిషి అన్నాను గాని మంచి మనిషి అనలేదు. లెక్క తెలిసి కూడా ఆ పథకం గీశాడంటే బరువు ఇంకా పెరుగుతుంది.

చివరి రోజుల సంగతి. జనవరి 8న సోవియట్ పక్షం లొంగిపొమ్మని షరతులు పంపింది. గాయపడ్డవారికి వైద్యం, అందరికీ తిండి, యుద్ధం అయ్యాక ఇంటికి. పౌలస్ కాదన్నాడు. 10న ఫిరంగులు మొదలయ్యాయి. 16న పిటోమ్నిక్ విమానాశ్రయం పోయింది, ఆ తరువాత వారంలోనే గుమ్రాక్ కూడా. అది పోతే విమానం దిగే చోటు లేనట్లే, పైనుంచి మూటలు విసరడమే. మంచులో పడ్డ మూట వెతకడానికి ఓపిక ఉన్నవాడు కావాలి, ఓపిక కావాలంటే తిని ఉండాలి. 22న లొంగిపోవడానికి పౌలస్ హిట్లర్‌ను అనుమతి అడిగాడు. మళ్ళీ కాగితమే! రాలేదు. వారం తిరిగేసరికి, హిట్లర్ అధికారానికి వచ్చి పదేళ్ళయిన సందర్భానికి, స్టాలిన్‌గ్రాడ్ మీద మన జెండా ఇంకా ఎగురుతోందని పౌలస్ పేరుతోనే అభినందన సందేశం వెళ్ళింది. ష్మిట్ రాయించాడని కొందరంటారు. ఎవరు రాసినా సంతకం ఎవరిది?

జనవరి 30న ఫీల్డ్ మార్షల్ పదవి. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవడూ ప్రాణంతో శత్రువుకు చిక్కలేదన్నది హిట్లర్ లెక్క. అంటే పదవితో పాటు పిస్తోలు కూడా పంపినట్లే, నోటితో చెప్పకుండా. ఆ కాగితం ఆయన బాగానే చదివాడు. ఆత్మహత్య చేసుకునే ఉద్దేశం లేదని తన జనరల్స్‌తో అన్నాడు. మర్నాడు పొద్దున ఫ్యోదర్ ఇల్చెంకో అనే కుర్ర సోవియట్ లెఫ్టినెంట్ నగరం నడిబొడ్డున ఉన్న ఉనివెర్‌మాగ్ దుకాణం నేలమాళిగలోకి దిగాడు. లోపల కిక్కిరిసిన సైనికులు, దుర్వాసన, చీకటి. మాటలు నడిపింది ష్మిట్, రోస్కె అనే ఇంకో జనరల్. పౌలస్ పక్క గదిలో మంచం మీద ఉన్నాడు. అప్పటికి రెండుగా చీలిన వలయం ఉత్తరపు ముక్కలో ఇంకా పోరాడుతున్నవాళ్ళకు ఆగిపొమ్మని ఉత్తర్వు ఇవ్వమంటే ఇవ్వలేదు, వాళ్ళు తన ఆధీనంలో లేరన్నాడు. వాళ్ళు ఇంకో రెండు రోజులు చచ్చి ఫిబ్రవరి 2న లొంగారు. నువ్వు అడిగిన 'ఆజ్ఞ దాటడం' ఎంతవరకో దీన్నిబట్టి చూడు. తాను పిస్తోలు ముట్టుకోలేదు, అంతే. సైన్యం తరఫున లొంగుబాటు కాగితం మీద సంతకం చెయ్యలేదు.

అక్కడి నుంచి బెకెటోవ్కాలో సోవియట్ 64వ సైన్యం అధిపతి షుమిలోవ్ ముందుకు తీసుకెళ్ళారు. గుర్తింపు పత్రం చూపమంటే పౌలస్ జేబులోంచి సైనికుడి జీతం పుస్తకం తీసి ఇచ్చాడు. అందులో ఫీల్డ్ మార్షల్ అని ఎక్కడుంటుంది, పదవి వచ్చి ఒక్క రోజు! ష్మిట్ పక్కనుంచి అవునని సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. జీతం పుస్తకంలో కొత్త పదవి ఎక్కించే గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ వివరం నాకు మరీ నచ్చుతుంది.

ఫిబ్రవరి 1న హిట్లర్ కోపం షార్ట్‌హ్యాండు రాతల్లో ఇప్పటికీ ఉంది. కాల్చుకుని ఉండాల్సిందని, ఈ యుద్ధంలో ఇక ఎవరినీ ఫీల్డ్ మార్షల్ చెయ్యనని. ఆ మాట మీద తరువాత నిలబడలేదు అనుకో. పట్టుబడిన సుమారు 91 వేల మందిలో ఇంటికి తిరిగి చేరింది ఐదారు వేలమందే. మొదటి వసంతంలోనే టైఫస్, నీరసం వాళ్ళను ఊడ్చేశాయి. రొట్టె పది వారాల ముందే అయిపోయిన శరీరాలు అవి.

పౌలస్ చాలాకాలం నోరు విప్పలేదు. జైడ్లిట్జ్ 1943లోనే హిట్లర్‌కు వ్యతిరేకంగా ఖైదీ అధికారుల సంఘానికి నాయకుడయ్యాడు. ఈయన చేరలేదు. 1944 ఫిబ్రవరిలో కొడుకు ఫ్రీడ్రిష్ ఇటలీలో ఆంజియో దగ్గర చనిపోయాడు. జులై 20న హిట్లర్ మీద హత్యాయత్నం విఫలమైంది. ఆ కుట్రలో ఉన్న ఫీల్డ్ మార్షల్ విట్జ్‌లెబెన్‌ను ఆగస్టు 8న ఉరి తీశారు. అదే రోజు పౌలస్ మాస్కో రేడియోలో జర్మన్లకు పిలుపు ఇచ్చాడు. దానికి శిక్ష ఇంటివాళ్ళకు పడింది. భార్యను, కూతురిని, మిగిలిన కొడుకును నిర్బంధించారు. యుద్ధం తరువాత ఎలేనా బాడెన్‌బాడెన్‌లో ఉండి 1949లో చనిపోయింది. 1942 తరువాత భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేదు.

1946 ఫిబ్రవరి 11న నూరెంబెర్గ్ న్యాయస్థానంలో సోవియట్ అభియోక్తలు ఆయన వాంగ్మూలం చదవబోతే నిందితుల వకీళ్ళు అభ్యంతరం చెప్పారు, మనిషి లేకుండా కాగితం ఎలా చెల్లుతుందని. అప్పుడు మనిషినే లోపలికి తెచ్చారు. ఎక్కడో రష్యాలో ఉన్నాడనుకుంటున్న పౌలస్ సాక్షి బోనులోకి నడిచి వచ్చేసరికి హాలంతా గగ్గోలు. ఆయన 1940 నాటి పథకం మొత్తం తేదీలతో సహా చెప్పాడు, దాన్ని దురాక్రమణ యుద్ధం అని అన్నాడు. ముద్దాయిల వరసలో కైటెల్, యోడ్ల్ ఉన్నారు, నిన్నటి పై అధికారులు. ఆ సందర్భంలోనే ఒక విలేఖరి స్టాలిన్‌గ్రాడ్ ఖైదీల గురించి అడిగితే, తల్లులకు, భార్యలకు వాళ్ళు క్షేమమని చెప్పమన్నాడట. అప్పటికే వాళ్ళలో ఎక్కువమంది మట్టిలో కలిశారు. ఈ ఒక్క మాట నాకు గొంతులో ముల్లులా ఉంటుంది.

1953లో విడుదలై తూర్పు జర్మనీలో డ్రెస్డెన్ చేరాడు. కొండ మీద మంచి పేటలో ఇల్లు, సైనిక చరిత్ర పని, ఉపన్యాసాలు. నరాల జబ్బుతో కండరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేశాయి. 1957 ఫిబ్రవరి 1న చనిపోయాడు. బూడిదను పడమటి జర్మనీకి తీసుకెళ్ళి బాడెన్‌బాడెన్‌లో ఎలేనా పక్కన ఉంచారు.

కృష్ణాతీరం

సుబేదార్ గారూ, అయితే మొదటి వారంలో తెంచుకుని వస్తే ఎంతమంది మిగిలేవారంటారు?

సరుకుల సుబేదార్

అంకె చెప్పమంటే చెప్పను, అది జోస్యం అవుతుంది. ఫిరంగులు, గాయపడ్డవాళ్ళు పోయేవారు, బరువైన సామానంతా పోయేది. నడవగలిగినవాళ్ళలో కొందరు డాన్ దాటి ఉండేవారు. ఇంకో కోణం కూడా ఉంది. ఆ వలయం చుట్టూ చాలా సోవియట్ సైన్యాలు నిలిచిపోయాయి. లేకపోతే కాకసస్‌లో ఉన్న జర్మన్ సైన్యానికి వెనుదిరిగే దారి మూసుకుపోయేదని మాన్‌స్టైన్ తరువాత రాసుకున్నాడు. ఆయన తన పక్షం చెప్పుకుంటున్నాడని గుర్తుంచుకుని చదవాలి.

అమ్మాయీ, నీ వ్యాసానికి నా సలహా ఒక్కటే. ఫిబ్రవరి 11 నాటి సాక్ష్యంతో ఆగకు, మర్నాడు నిందితుల వకీళ్ళు వేసిన ప్రశ్నలు కూడా చదువు. నువ్వూ ఆ పథకం గీసినవాడివే కదా అని వాళ్ళు ఆయన్ను నిలదీశారు. మిర్చియార్డు గారి మూడో గడి నిండేది అక్కడే.